బిస్కెట్ ప్యాకెట్ మీది 322: లెసిథిన్ విషయంలో భయమెంత, వాస్తవమెంత

సంక్షిప్తంగా: ప్యాకెట్ల మీద ఐఎన్ఎస్ 322 అనే సంఖ్యతో కనిపించేది లెసిథిన్. నూనె, నీరు విడిపోకుండా పట్టి ఉంచడం దీని పని. మన దేశంలో ఇది ఎక్కువగా సోయా నూనెను శుద్ధి చేసేటప్పుడు వచ్చే మడ్డి నుంచి తయారవుతుంది. కోడిగుడ్డు పచ్చసొనలోనూ, మనిషి పిత్తరసంలోనూ సహజంగానే ఉంటుంది. ఆహారంలో వాడే మోతాదుల్లో దీనివల్ల హాని ఉన్నట్టు ఇప్పటిదాకా జరిగిన ప్రధాన సమీక్షల్లో తేలలేదు. సోయా గానీ గుడ్డు గానీ పడనివారు మాత్రం అది దేని నుంచి వచ్చిందో తప్పక చూసుకోవాలి.

సందేహం ఎక్కడ మొదలవుతోంది

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల ఏ కిరాణా దుకాణంలోనైనా ఒక బిస్కెట్ ప్యాకెట్ తీసుకుని వెనక్కి తిప్పి చూస్తే, గోధుమపిండి, చక్కెర, పామాయిల్ వంటి తెలిసిన పేర్ల తరువాత సన్నని అక్షరాల్లో ‘ఎమల్సిఫయర్’ (నూనె, నీరు కలిసి ఉండేలా చేసే పదార్థం) అన్న మాట, దాని పక్కన బ్రాకెట్లలో 322, 471, 472ఈ వంటి సంఖ్యలు కనిపిస్తాయి. పేరు లేని పదార్థం మీద అనుమానం కలగడం సహజం. ఆ అనుమానానికి వాట్సాప్‌లో తిరిగే జాబితాలు తోడవుతున్నాయి. ఇంగ్లిష్ ‘ఈ’ (E) అక్షరంతో మొదలయ్యే ఈ సంఖ్యలన్నీ పంది కొవ్వుకు రహస్య సంకేతాలని చెప్పే సందేశం చాలా ఏళ్లుగా భాషలు మారుతూ తిరుగుతూనే ఉంది. ఆ జాబితాల్లో 322 కూడా చోటుచేసుకుంటోంది.

సంఖ్య రహస్యమేమీ కాదు. ఆహారంలో కలిపే ప్రతి సంకలితానికి అంతర్జాతీయంగా ఒక సంఖ్య ఉంటుంది. యూరప్‌లో దానికి ముందు ‘ఈ’ చేరుస్తారు, మన దేశంలో ఐఎన్ఎస్ అని రాస్తారు. పసుపులోని రంగుపదార్థమైన కర్క్యుమిన్‌కు కూడా 100 అనే సంఖ్య ఉంది. సంఖ్య అది ఏ పదార్థమో చెబుతుంది, ఏ మొక్క నుంచి లేదా ఏ జంతువు నుంచి తీశారో చెప్పదు. గందరగోళానికి అసలు కారణం ఈ చిన్న ఖాళీయే.

నూనెకూ నీటికీ మధ్య

ఒక గాజు గ్లాసులో సగం నీళ్లు, వాటి మీద రెండు చెంచాల పల్లి నూనె పోసి గట్టిగా కలిపితే, కొద్దిసేపు తెల్లగా కలిసినట్టు కనిపించి, నిమిషం తిరిగేసరికి నూనె మళ్లీ పైకి తేలుతుంది. అదే గ్లాసులో కాస్త పచ్చసొన వేసి కలిపితే నూనె సన్నని బొట్లుగా చెదిరి, చాలాసేపు అలాగే నిలిచి, మొత్తం చిక్కటి పాలలా కనిపిస్తుంది. ఈ మార్పులో ప్రధాన పాత్ర లెసిథిన్‌ది.

లెసిథిన్ ఒకే ఒక్క రసాయనం కాదు, ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వుల మిశ్రమం. ఫాస్ఫోలిపిడ్ అణువుకు ఒక తల, రెండు తోకలు ఉన్నట్టు ఊహించుకోవచ్చు. ఫాస్ఫేట్ ఉన్న తల నీటిని అంటిపెట్టుకుంటుంది, కొవ్వు ఆమ్లాలతో అయిన తోకలు నూనెలోకి దిగుతాయి. నూనె బొట్టు చుట్టూ ఇవి పొరగా చేరి, ఒక బొట్టు మరో బొట్టుతో కలవకుండా అడ్డుపడతాయి. పారిస్‌కు చెందిన ఔషధ శాస్త్రవేత్త థియోడర్ గోబ్లే 1840లలో పచ్చసొనలో దీన్ని గుర్తించి, పచ్చసొనకు గ్రీకు భాషలో ఉన్న ‘లెకిథోస్’ అనే మాట నుంచి 1850లో ఈ పేరు పెట్టాడు. పచ్చసొన బరువులో దాదాపు పదో వంతు ఫాస్ఫోలిపిడ్లే కనుక, అది అక్కడే మొదట దొరకడంలో ఆశ్చర్యం లేదు.

మడ్డి నుంచి డ్రమ్ము దాకా

పాలమూరు ప్రాంతంలో యాసంగి పల్లిని గానుగకు పట్టించుకునే ఇళ్లలో నూనెను నాలుగైదు రోజులు కదపకుండా ఉంచి, పైన తేరిన నూనెను వంచుకుని, అడుగున మిగిలిన మడ్డిని వేరు చేస్తారు. ఆ మడ్డిలో పిండి నలుసులతో పాటు నీటి తేమను పీల్చుకుని బరువెక్కి కిందికి దిగిన ఫాస్ఫోలిపిడ్లు కూడా కొంత ఉంటాయి. కర్మాగారంలో లెసిథిన్ తయారీకి మూలసూత్రం కూడా ఇదే. వేడి చేసిన ముడి సోయా నూనెలో కొద్ది శాతం నీళ్లు కలిపితే, నూనెలో కరిగి ఉన్న ఫాస్ఫోలిపిడ్లు ఆ నీటిని పట్టుకుని జిగురులా ఉబ్బి నూనె నుంచి విడిపోతాయి. గిర్రున తిరిగే యంత్రంలో వేసి ఆ జిగురును వేరు చేసి, తేమ పోయేదాకా ఆరబెడితే తేనెలా చిక్కగా, గోధుమ రంగులో ఉండే ద్రవ లెసిథిన్ మిగులుతుంది. అందులో ఇంకా ఉన్న నూనెను తీసేస్తే పొడి రూపం వస్తుంది.

ఈ జిగురు మొదట్లో నూనె మిల్లులకు పనికిరాని చెత్త. తీయకపోతే నూనె మసకబారుతుంది, నిల్వ తొట్ల అడుగున పేరుకుంటుంది. 1920లలో జర్మనీలో దీన్ని ఆరబెట్టి అమ్మే పద్ధతి మొదలైన తరువాతే సోయా లెసిథిన్ సరుకుగా మారింది. నూనె ఎలాగూ తీస్తున్నారు, జిగురు ఎలాగూ వస్తోంది కాబట్టి ధర తక్కువ. పంది కొవ్వు నుంచి లెసిథిన్ తీస్తారన్న ప్రచారం ఈ ఒక్క లెక్క దగ్గరే నిలవదు. టన్నులకొద్దీ సోయా మడ్డి చవకగా దొరుకుతుండగా జంతువుల నుంచి కష్టపడి తీయవలసిన అవసరం బిస్కెట్ కంపెనీకి లేదు.

ముడి సోయా నూనెలో సుమారు 2 శాతం వరకు ఫాస్ఫోలిపిడ్లు ఉంటాయి, పల్లి నూనెలో అంతకంటే చాలా తక్కువ. అందుకే పల్లి బాగా పండే వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల్లో నూనె ఎంత తీసినా దాని నుంచి లెసిథిన్ పరిశ్రమ పుట్టలేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి వచ్చే తవుడుతో తీసే నూనెలో ఫాస్ఫోలిపిడ్లు చెప్పుకోదగినంత ఉన్నా, ఆ మడ్డిలో మైనం కలిసిపోయి రంగు ముదురుగా ఉండడంతో దాన్ని ఆహారానికి పనికొచ్చేలా శుద్ధి చేయడం కష్టం. పత్తి గింజల మడ్డికి గాసిపాల్ అనే విషపదార్థం అంటుకుని ఉంటుంది కనుక దాన్ని సాధారణంగా ఈ పనికి వాడరు. ఆహార లెసిథిన్‌కు సోయా తరువాత పొద్దుతిరుగుడు, ఆవజాతి గింజలు, గుడ్లు ప్రధాన మూలాలు.

సోయా నూనెను హెక్సేన్ అనే ద్రావకంతో తీస్తారు కాబట్టి లెసిథిన్‌లో అది మిగిలిపోతుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. హెక్సేన్ సుమారు 69 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి ఆవిరవుతుంది. నూనెను, లెసిథిన్‌ను వేడి చేసి ఆరబెట్టే దశల్లో అది దాదాపు పూర్తిగా పోతుంది. మిగిలే అతి స్వల్ప అవశేషానికి ప్రమాణాల్లో పరిమితులు ఉన్నాయి. తవుడు నూనె తీసేదీ ఇదే పద్ధతిలో కనుక, ఆ నూనెతో వండుకునే ఇంట్లో లెసిథిన్ ఒక్కదాన్నే ఈ కారణంతో అనుమానించడం సరికాదు.

ఇక జన్యుమార్పిడి ప్రశ్న. అమెరికా, బ్రెజిల్, అర్జెంటీనాల్లో పండే సోయాలో అధికభాగం జన్యుమార్పిడి రకాలే. భారత్‌లో వాణిజ్య సాగుకు అనుమతి ఉన్న జన్యుమార్పిడి పంట బీటీ పత్తి ఒక్కటే, సోయాకు ఆ అనుమతి లేదు. భారతీయ సోయా లెసిథిన్‌కు యూరప్ మార్కెట్లో గిరాకీ ఉండడానికి ఇది ఒక కారణం.

ఆహారంలో ఏం పని చేస్తుంది

చాక్లెట్‌లో దీని పని స్పష్టంగా కనిపిస్తుంది. కరిగిన చాక్లెట్ అంటే కోకో వెన్నలో తేలుతున్న సన్నని చక్కెర, కోకో రేణువులు. చక్కెర రేణువులు ఒకదానికొకటి అంటుకుంటే మిశ్రమం ముద్దలా మారి అచ్చుల్లోకి జారదు. లెసిథిన్ చక్కెర రేణువు చుట్టూ చేరి దాన్ని కొవ్వులో సులభంగా కదిలేలా చేస్తుంది. ఇందుకు బరువులో 0.3 నుంచి 0.5 శాతం సరిపోతుంది. విశేషమేమిటంటే, అంతకు మించి వేస్తే చాక్లెట్ మళ్లీ చిక్కబడుతుంది. ఎక్కువ వాడితే తయారీదారుకే నష్టం కావడం ఈ పదార్థానికి ఒక సహజమైన అదుపు.

బిస్కెట్ పిండిలో ఇది కొవ్వును అంతటా సమంగా పరుస్తుంది, పిండి యంత్రానికి అంటుకోకుండా చూస్తుంది. బ్రెడ్ తొందరగా గట్టిపడకుండా కొంత సాయపడుతుంది. నీళ్లలో వేయగానే ఉండకట్టకుండా కలిసిపోయే పాలపొడి వెనుక కూడా ఇదే ఉంది. పాలపొడి రేణువు మీద ఉన్న కొవ్వు నీటిని దగ్గరకు రానివ్వదు, దాని మీద పలచగా పూసిన లెసిథిన్ ఆ నీటిని లోపలికి పిలుస్తుంది. స్థానిక బేకరీల్లో కేకు పొంగడానికి వాడే జెల్ మాత్రం వేరు. అందులో ప్రధానంగా 471 వంటి ఇతర ఎమల్సిఫయర్లు ఉంటాయి. వాటిని వృక్ష కొవ్వుల నుంచీ జంతు కొవ్వుల నుంచీ కూడా తయారు చేయవచ్చు. మూలం గురించిన ప్రశ్న 322 కంటే 471 విషయంలోనే ఎక్కువ అర్థవంతమైనది.

శరీరంలోకి వెళ్లిన తరువాత

మోతాదును లెక్క వేసి చూడడం మంచిది. పిండి బరువులో అర శాతం లెసిథిన్ వేశారనుకుంటే, 40 గ్రాముల బిస్కెట్లలో పిండి సుమారు 25 గ్రాములు ఉంటుంది కనుక, తినేవారికి అందే లెసిథిన్ 0.12 గ్రాములు. ఒక కోడిగుడ్డు పచ్చసొనలో ఉండే ఫాస్ఫోలిపిడ్లు దాదాపు ఒకటిన్నర గ్రాములు. అంటే ఆ బిస్కెట్ల కంటే పది రెట్లకు పైనే. అంతకంటే ముఖ్యమైన పోలిక మన శరీరంలోనే ఉంది. కొవ్వు అరగడానికి కాలేయం పిత్తరసంతో పాటు రోజుకు సుమారు 10 గ్రాములు, ఒక్కోసారి అంతకు మించి, ఇదే జాతి ఫాస్ఫోలిపిడ్‌ను పేగులోకి వదులుతుంది. పేగు దృష్టిలో బిస్కెట్ నుంచి వచ్చిన లెసిథిన్ కొత్త అతిథి కాదు. క్లోమరసంలోని ఎంజైములు రెండింటినీ ఒకే తీరులో విడగొడతాయి, శరీరం ఆ ముక్కలను తీసుకుని కణాల పొరలకు, కోలిన్ అనే పోషకానికి, శక్తికి వాడుకుంటుంది.

ఈ ప్రాంత పాఠకులకు ఫ్లోరైడ్ అనుభవం ఉంది కనుక ఒక తేడాను ఇక్కడ వివరంగా చెప్పవలసి ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో తరాల తరబడి తాగిన బోరు నీళ్లు ఎముకలను వంచిన తీరు చూసినవారికి ‘కొద్దిగానే ఉంది, ఏమీ కాదు’ అనే మాట మీద నమ్మకం కుదరదు. ఆ అపనమ్మకం పూర్తిగా సహేతుకం. ఫ్లోరైడ్ లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాములను మించకూడదని భారతీయ ప్రమాణం చెబుతోంది. ఎందుకంటే శరీరం దాన్ని విడగొట్టలేదు. మూత్రంలో పోగా మిగిలింది ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి పేరుకుంటుంది, ఈరోజు తాగిన కొద్దిపాటి మోతాదు నిన్నటిదానికి కలుస్తుంది. లెసిథిన్ అలా పేరుకోదు. అది జీర్ణమై మామూలు కొవ్వు ఆమ్లాలుగా, ఫాస్ఫేట్‌గా, కోలిన్‌గా విడిపోతుంది. అందువల్ల ఏ పదార్థం గురించైనా ‘ఎంత’ అని అడగడంతో ఆగకుండా, ‘లోపలికి వెళ్లాక ఏమవుతుంది’ అని కూడా అడగాలి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఫ్లోరైడ్‌కూ లెసిథిన్‌కూ ఉన్న దూరం తెలుస్తుంది.

సమీక్షలు, పరిమితులు

ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 1973లోనే లెసిథిన్‌కు రోజువారీ గరిష్ఠ పరిమితి అవసరం లేదని తేల్చింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో పాత, కొత్త అధ్యయనాలను మళ్లీ పరిశీలించి, ఏడాది దాటిన వయసువారందరి విషయంలో ఆందోళన లేదని చెప్పింది. 16 వారాల లోపు పసివారికి ఇచ్చే పాలపొడుల విషయాన్ని విడిగా తీసుకుని 2020లో మరో నివేదిక ఇచ్చింది. అనుమతించిన మోతాదు వరకు అక్కడా హాని కనబడలేదని చెబుతూనే, లెసిథిన్‌లో మలినాలుగా ఉండగల సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి వాటి పరిమితులను ఇంకా తగ్గించాలని సూచించింది. ఈ సూచన గమనించదగినది. లెసిథిన్ నిరపాయమైనా, దాన్ని తీసిన గింజ, శుద్ధి చేసిన పద్ధతి బాగా లేకపోతే డ్రమ్ములోకి వచ్చేది ఒక్క లెసిథినే కాదు.

మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 కింద వచ్చిన నిబంధనలు లెసిథిన్‌ను చాలా రకాల ఆహారాల్లో ‘మంచి తయారీ పద్ధతి మేరకు’ వాడుకోనిస్తాయి. అంకె ఇవ్వలేదంటే అదుపు లేదని కొందరు అర్థం చేసుకుంటున్నారు. ఆ మాటకు అర్థం, ఆశించిన పనికి ఎంత తక్కువ సరిపోతుందో అంతే వాడాలని. అంకెతో కూడిన పరిమితి సాధారణంగా ఒక మోతాదు దాటితే హాని చేస్తుందని తేలిన పదార్థాలకు పెడతారు.

పేగుల గురించి కొత్త ప్రశ్నలు

ఎమల్సిఫయర్లు పేగులోని మంచి సూక్ష్మజీవులను దెబ్బతీస్తాయన్న వార్తలకు ప్రధాన ఆధారం 2015లో ఎలుకల మీద వెలువడిన అధ్యయనం. అందులో పరీక్షించినవి కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, పాలిసార్బేట్ 80 అనే రెండు పదార్థాలు. లెసిథిన్ వాటిలో లేదు. ఆ రెండూ శరీరానికి కొత్తవి, లెసిథిన్ కాదు. ఒకే పని చేసే పదార్థాలన్నిటికీ ఒకే పేరు ఉండడం వల్ల ఒకదాని మీద వచ్చిన ఫలితం మరోదాని ఖాతాలో పడుతోంది.

లెసిథిన్‌కు నేరుగా వర్తించే ప్రశ్న మరొకటి ఉంది. కోలిన్‌లో కొంతభాగాన్ని పేగు బ్యాక్టీరియా ట్రైమిథైలమైన్‌గా మారిస్తే, కాలేయం దాన్ని టీఎంఏఓ అనే పదార్థంగా మారుస్తుంది. ఇది రక్తంలో ఎక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని 2011 నుంచి కొన్ని అధ్యయనాలు చూపాయి. అది జబ్బుకు కారణమా, లేక మూత్రపిండాల పనితీరు తగ్గడం వంటి మరో సమస్యకు గుర్తా అన్న చర్చ ఇంకా ముగియలేదు. ఏది నిజమైనా, బిస్కెట్‌లోని 0.12 గ్రాముల లెసిథిన్ నుంచి వచ్చే కోలిన్ గుడ్డు, మాంసం, చేపల నుంచి వచ్చేదానితో పోలిస్తే చాలా చిన్నది. అదే బిస్కెట్‌లోని చక్కెర, మైదా, పామాయిల్ గుండెకు, బరువుకు చేసే నష్టం మీద సందేహాలు అంతకంటే చాలా తక్కువ. 322 మీద పడుతున్న చూపు ఆ మూడింటి మీద పడితే ఆరోగ్యానికి ఎక్కువ మేలు జరుగుతుంది.

చిన్న గుళికల రూపంలో అమ్మే లెసిథిన్ సంగతి వేరు. జ్ఞాపకశక్తి పెరుగుతుందని, కొలెస్ట్రాల్ తగ్గుతుందని, బరువు దిగుతుందని చెప్పే మాటలకు గట్టి ఆధారాలు లేవు. రోజుకు అనేక గ్రాములు మింగితే వికారం, విరేచనాలు రావచ్చు.

మయోన్నైజ్ నిషేధానికి దీనితో సంబంధం లేదు

పచ్చి గుడ్లతో చేసిన మయోన్నైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించినప్పుడు, అందులోని ఎమల్సిఫయరే విషమన్న ప్రచారం కూడా సాగింది. మయోన్నైజ్ చిక్కగా నిలవడానికి పచ్చసొనలోని లెసిథిన్ ఒక ముఖ్య కారణమన్నది నిజమే. నిషేధానికి కారణం మాత్రం అది కాదు. ఉడకని గుడ్డులో సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా ఉండవచ్చు, ఎండలో బండి మీద గంటల తరబడి ఉంచిన సాస్‌లో అది వేగంగా పెరుగుతుంది. ప్రమాదం వచ్చింది బ్యాక్టీరియాతో, దాన్ని పెరగనిచ్చిన వేడితో. అదే లెసిథిన్ ఉడికించిన గుడ్డులోనూ ఉంది, అంగన్‌వాడీ పిల్లలు దాన్ని తింటూనే ఉన్నారు.

ఎవరు జాగ్రత్త పడాలి

సోయా లెసిథిన్‌లో అతి స్వల్పంగా సోయా ప్రొటీన్ మిగిలి ఉండవచ్చు. అలర్జీ కలిగించేది ఆ ప్రొటీనే. సోయా పడని చాలామంది ఈ కొద్దిపాటి మోతాదును తట్టుకుంటారు, కానీ తీవ్రమైన అలర్జీ ఉన్నవారి విషయంలో ఆ భరోసా ఇవ్వలేం. గుడ్డు నుంచి తీసిన లెసిథిన్‌కు, గుడ్డు పడని పిల్లలకు ఇదే వర్తిస్తుంది. 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం సోయా, గుడ్డు, పాలు, పల్లి, గోధుమ వంటివి ఉంటే ప్యాకెట్ మీద విడిగా ప్రకటించాలి. పదార్థాల జాబితాలో 322 అని మాత్రమే రాసి ఉన్నా, దాని కిందనే ‘సోయా ఉంది’ అన్న అర్థంలో ఒక వరుస కనిపించేది ఇందుకే.

శాకాహారుల ప్రశ్నకు జవాబు కూడా ప్యాకెట్ మీదే ఉంది. మన నిబంధనల్లో గుడ్డు మాంసాహారం కిందికి వస్తుంది కనుక, గుడ్డు లెసిథిన్ వాడిన ఆహారం మీద గోధుమరంగు త్రికోణం గుర్తు ఉండాలి. ఆకుపచ్చ గుండ్రని గుర్తు ఉన్న ప్యాకెట్‌లో 322 ఉంటే అది మొక్కల నుంచి వచ్చినదై ఉండాలి. తప్పుడు గుర్తు వేయడం చట్టప్రకారం నేరం.

ఇవన్నీ ప్యాక్ చేసిన సరుకుకు వర్తించే మాటలు. దేవరకొండలో, జడ్చర్లలో, అచ్చంపేటలో గాజు సీసాల్లోంచి తీసి తూకం వేసి ఇచ్చే బేకరీ బిస్కెట్లకు, రస్కులకు, కాగితంలో చుట్టి ఇచ్చే కేకు ముక్కలకు వెనక్కి తిప్పి చదవడానికి ఏ లేబులూ ఉండదు. సోయా లేదా గుడ్డు పడని బిడ్డ ఉన్న ఇంటికి ఎక్కువ ముప్పు ఇక్కడే ఉంది. అయితే బేకరీవారు కొనే లెసిథిన్ డ్రమ్ము మీద, జెల్ డబ్బా మీద, పిండిలో కలిపే పొడి సంచి మీద మూలం, సంకలితం సంఖ్య, అలర్జీ వివరాలు రాసే ఉంటాయి. కొనేవారు అడిగితే ఆ డబ్బాను చూపించడం యజమానికి నిమిషం పని. అడిగినా చూపించకపోతే, అలర్జీ ఉన్న పిల్లలకు ఆ విడి సరుకు పెట్టకపోవడమే మేలు.